చూచుటయు నొక విద్యయే

మన పాఠశాల పత్రికకు ఒక వ్యాసము వ్రాసి పంపుడని నేటి విద్యార్థులు పూర్వవిద్యార్థులమగు మమ్ము కోరిరి. ఏ విషయమును గూర్చి వ్రాయవలెనను సందేహము మాకు కలుగలేదు. 1952వ సంవత్సరమున ఆరవ ఫారము చదువుచు, మన దేశమున జరిగిన మొట్టమొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవమును చూడ మద్రాసునకు పోయి వచ్చిన ఎనమండుగురు బాలురలో నేటికి మిగిలియున్నవారము ముగ్గురము. ముగ్గురమును ఒకచోట కూర్చుండి, ఒకరు మరచినదానిని మరియొకరు అందించుచు ఈ వ్యాసమును వ్రాసితిమి.

ఇది కేవలము ప్రయాణపు ముచ్చట కాదు. ఆ దినమున మేము నేర్చిన పాఠమొకటి కలదు. చదువుట నేర్పుటకు పాఠశాల కలదు. లెక్కించుట నేర్పుటకు పాఠశాల కలదు. చూచుట మాత్రము ఎవరును నేర్పనక్కరలేదని మనమనుకొందుము. కన్నులున్న ప్రతివాడును చూచుచునే యున్నాడు గదా యని తలంతుము. అది సరికాదని మాకు ఆ దినమున తెలిసెను.

ఆ కాలమును గూర్చి రెండు మాటలు చెప్పవలెను. నెల్లూరు జిల్లా అప్పుడు మద్రాసు రాష్ట్రములోనిది. ఆంధ్రరాష్ట్రము 1953 అక్టోబరు 1వ తేదీన గాని ఏర్పడలేదు. వెంకటాచలమున రైలెక్కినచో గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేటల మీదుగా సుమారు నూరు మైళ్లు పోయి మద్రాసు చేరుదుము. ఆ మార్గము 1951 ఏప్రిల్ 14వ తేదీన దక్షిణ రైల్వేలో చేరినను, మా పెద్దలు ఇంకను పాత కంపెనీ పేరుతోనే దానిని పిలుచుచుండిరి. మాకు సినిమా యనగా ఊరి వెలుపల డేరా వేసి ఆడించు టూరింగు టాకీసే. నేల తరగతిలో ఇసుకను కుప్పగా చేసికొని, దానిపై కూర్చుండి, నాయకుడు కత్తి దూసినపుడు ఈలలు వేయుచు, రీలు తెగినపుడు కేకలు పెట్టుచు చూచెడివారము. తెలుగు టాకీ 1932లో ‘భక్త ప్రహ్లాద’తో పుట్టినది, అనగా అది మాకంటె నాలుగేండ్లు మాత్రమే పెద్దది.

1952 జనవరి 24వ తేదీన బొంబాయిలో చలనచిత్రోత్సవము ప్రారంభమైనదనియు, తరువాత మద్రాసు, ఢిల్లీ, కలకత్తా నగరములకు అది వచ్చుననియు పత్రికలలో పడెను. భారత ప్రభుత్వమువారి ఫిల్మ్స్ డివిజన్ ఈ ఉత్సవమును నడపెను. 23 దేశములు పాల్గొనెను. 40 కథాచిత్రములును, సుమారు నూరు లఘుచిత్రములును వచ్చెను. ఇటలీలోని వెనీసునందు 1932లోను, ఫ్రాన్సులోని కాన్ నగరమునందు 1946లోను ఇట్టి ఉత్సవములు మొదలయ్యెను గాని, ఆసియా ఖండమున ఇదియే ప్రథమము. పాశ్చాత్యుల ఉత్సవములలో బహుమానములకై పోటీ యుండెను. మన మొదటి ఉత్సవమున పోటీ లేదు. ఒకరి చిత్రమును ఒకరు చూచుటయే ప్రయోజనము.

మా ఆంగ్లోపాధ్యాయులు ఈ వార్తను తరగతిలో చదివి, “ఉత్సవమన్న మీకేమి తోచుచున్నది?” అని అడిగిరి.

“తిరునాళ్లండీ” అని వెనుక బల్లనుండి ఒకడనెను. అందరము నవ్వితిమి. ఆయన నవ్వలేదు.

“సరిగానే చెప్పినావు నాయనా. తిరునాళ్లలో నాలుగూళ్లవారు తమ తమ సరకులు తెచ్చి ఒకచోట పరతురు. తన ఊరిలో దొరకనిది అక్కడ కంటబడును. ఇదియు నట్టిదే. మీలో ఎవరైన వచ్చెదరా?” అనిరి.

ఎనమండుగురము చేతులెత్తితిమి. ఎత్తుట తేలిక, ఇంటివద్ద చెప్పుట కష్టమయ్యెను. ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్షలు దగ్గరపడియుండెను. సినిమా చూచినవాడు చెడిపోవునని నమ్మిన తలిదండ్రులు అప్పుడు పెక్కుమంది. మిషను పెద్దలలోను కొందరికి ఈ ప్రయాణము నచ్చలేదు. తుదకు ప్రధానోపాధ్యాయులు ఒక కట్టుబాటుతో సెలవిచ్చిరి: తిరిగి వచ్చిన వారములోగా ప్రతివాడును తాను చూచినదానిని నాలుగు పుటలు వ్రాసి, ప్రార్థన సమావేశానంతరము అందరి యెదుట చదువవలెను.

ఇంతలో మాలో ఒకడు తాను రానని వెనుదీసెను. వానికి తండ్రి లేడు. తల్లి కూలిచేసి చదివించుచుండెను. పరీక్షకు చదువుకొనవలెనని వాడు చెప్పిన సాకు. మేము నమ్మక, “పిరికివాడవు” అని ఎగతాళి చేసితిమి. పిమ్మట రైలు ఖర్చు మేము తలా కొంత వేసికొందుము, నిదానముగా తీర్చుదువు గానిమ్మని బలవంతపెట్టి ఒప్పించితిమి. అది మా ఔదార్యమని మేమప్పుడు పొంగిపోతిమి.

తెల్లవారుజామున బయలుదేరి, చద్దిమూటలు రైలులోనే విప్పుకొని తిని, మద్రాసు చేరితిమి. ఉపాధ్యాయులుగారి స్నేహితుడొకరు ముందుగానే టిక్కెట్లు కొనియుంచిరి. ఆ చిత్రశాలలో కూర్చున్నవారి నిశ్శబ్దమే మాకు మొదటి వింత. అలవాటు చొప్పున మాలో ఒకడు ఈల వేయగా ముందు వరుసలోని పెద్దమనిషి వెనుకకు తిరిగి చూచెను. ఏమియు అనలేదు, చూచెనంతే. ఆ తరువాత మాలో ఎవరును నోరు విప్పలేదు.

మేము చూచినది ఇటలీ దేశపు చిత్రము, ‘బైసికిల్ థీవ్స్’. 1948లో విట్టోరియో డి సికా దానిని తీసెను. భాష ఇటాలియను, తెర యడుగున ఆంగ్లాక్షరములు వచ్చి పోవుచుండెను. సగము చదువునంతలో మాయమగుచుండెను. మొదట మాకు కోపము వచ్చెను. కొంతసేపటికి అక్షరములను విడిచి ముఖములను చూడ నారంభించితిమి. ఆశ్చర్యమేమనగా, కథ అప్పటినుండియే మాకు బాగుగ తెలియసాగెను.

కథ చిన్నది. యుద్ధానంతరము రోము నగరమున పనిలేక తిరుగుచున్న రిచ్చి యనువానికి గోడలకు ప్రకటనలు అంటించు కొలువు దొరకును. దానికి సైకిలు ఉండవలెను. వాని సైకిలు కుదువలో నున్నది. భార్య తన పెండ్లినాటి దుప్పట్లను కుదువబెట్టి, ఆ సొమ్ముతో సైకిలును విడిపించును. కొలువున చేరిన మొదటి దినముననే, వాడు నిచ్చెన మీద నుండగా, సైకిలును దొంగ ఎత్తుకొనిపోవును. తండ్రియు, బ్రూనో యను చిన్న కుమారుడును దానికొరకు నగరమంతయు వెదకుదురు. దొరకదు. తుదకు ఆ తండ్రియే మరియొకని సైకిలును దొంగిలింప ప్రయత్నించి, కుమారుని కన్నుల యెదుట పట్టుబడును. ఏడ్చుచున్న బాలుని చూచి సైకిలు యజమాని వానిని వదలివేయును. తండ్రీకొడుకులు చేయిచేయి పట్టుకొని జనసమూహములో కలిసిపోవుదురు. అంతే.

నాయకుడు గెలువలేదు, దొంగకు శిక్ష పడలేదు, నాయికా నాయకుల యుగళగీతము లేదు. తెరపై దీపములు వెలిగినను, ఇంకను కొన్ని రీళ్లు మిగిలియున్నవేమోనని మేము కదలక కూర్చుంటిమి.

చిత్రమున నొక ఘట్టమున మేము నవ్వితిమి. కుదువ కొట్టున ఉద్యోగి, రిచ్చి భార్య ఇచ్చిన దుప్పట్ల మూటను చంకనిడుకొని, అటకల మీద అటకలుగా నున్న చట్రమును ఎక్కిపోవుచుండును. వాడెంత పైకెక్కినను పైన మూటలే. కప్పు వరకు మూటలే. మనిషి కోతివలె ఎగబ్రాకుట మాకు హాస్యముగా తోచెను. మా వరుసలో ఏడుగురము నవ్వితిమి. ఎనిమిదవవాడు లేచి వెలుపలికి పోయెను. దాహము వేసినది గాబోలునని మేమనుకొంటిమి. వాడు కొంతసేపటికి వచ్చి తన చోట కూర్చుండెను.

తిరుగు రైలులో ఉపాధ్యాయులుగారు పాఠము మొదలుపెట్టిరి. “బాగున్నది, బాగులేదు అని చెప్పవద్దు. అది తీర్పు. తీర్పరి ముందు సాక్షులు రావలెను. మొదట మీ కన్నులు చూచినది చెప్పుడు. తరువాత మీరు ఊహించినది చెప్పుడు. తుదకు మీకేమి అనిపించినదో చెప్పుడు. ఈ మూటిని కలుపకుడు” అనిరి.

ఒకడు, “దొంగ చెడ్డవాడండీ” అనెను. “అది నీవు చూచితివా, ఊహించితివా?” అని ఆయన అడిగిరి. వాడు ఆలోచించి, దొంగ ఇల్లు ఇరుకుగా నుండుట, అతని తల్లి, ఒక్క గదిలో పలువురు కాపురముండుట చూచితినని చెప్పెను. మరియొకడు, హోటలులో బ్రూనో రొట్టె తినుచు, ప్రక్క బల్లవద్ద కలవారి బాలుని వైపు చూచిన చూపును వర్ణించెను. ఒకరు చెప్పుకొలది మరియొకరికి జ్ఞాపకము వచ్చుచుండెను. చిత్రము అక్కడ ఒకసారి ముగిసినది గాని, రైలులో మరల మొదటినుండి నడచుచున్నట్లుండెను.

ఎనిమిదవవాడు కిటికీ వద్ద కూర్చుండి పలుకకుండెను. “నీవేమి చూచితివి నాయనా?” అని ఉపాధ్యాయులుగారు అడిగిరి.

“కుదువకొట్టు చూచితినండీ” అని వాడనెను. కొంత యూరకుండి, “పరీక్ష ఫీజుకై మా అమ్మ ఇత్తడి గంగాళము పెట్టినది. ఆ అటకలలో అదియు నున్నట్లనిపించినది” అనెను.

పెట్టెలో ఎవరును మాటలాడలేదు. మేమేల నవ్వితిమో, వాడేల లేచిపోయెనో, మొదట వాడేల రానన్నాడో ఒక్కసారిగా తెలిసెను. మేము వానికి అప్పుగా నిచ్చిన రైలు ఖర్చు వానికి ఎంత బరువో కూడ తెలిసెను. ఉపాధ్యాయులుగారు ఉపన్యాసమేమియు చేయలేదు. “ఒకే బొమ్మ. ఏడుగురు మనిషిని చూచిరి. ఒక్కడు మూటలను చూచెను. దర్శకుడు చూపదలచినది మూటలనే” అని మాత్రము చెప్పిరి. గూడూరు దాటువరకు మేము మౌనముగా నుంటిమి. వెంకటాచలమున దిగినపుడు, ఆ రైలు ఖర్చు మాట ఇక ఎవరును ఎత్తరాదని మాలో మేము అనుకొంటిమి.

ఆ మరుసటి వారము ఉపాధ్యాయులుగారు చలనచిత్రపు పనితీరును బోధించిరి. విద్యార్థులకు ఉపయోగపడునని దానిని ఇచట సంగ్రహించుచున్నాము. ఫిల్ములో కదలునది ఏదియు లేదు, అన్నియు నిశ్చలచిత్రములే. సెకనుకు 24 చిత్రములు తెరపై పడుచుండగా మన కన్ను వానిని విడివిడిగా గుర్తింపజాలక కదలికగా గ్రహించును. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగునకు 16 చిత్రములుండును. కావున నిమిషమునకు 90 అడుగులు నడచును. గంటన్నర చిత్రమునకు 8,100 అడుగుల ఫిల్మును, 1,29,600 నిశ్చలచిత్రములును కావలెను. కదలికను పుట్టించునది చూచువాని కన్నును, మనస్సునే గాని తెర కాదు.

అర్థమును పుట్టించుటయు నట్టిదే. ఒక ఉదాహరణము: తండ్రి విసుగున బ్రూనోను చెంపదెబ్బ కొట్టి, వానిని వంతెనవద్ద వదలి, ఏటి గట్టున ముందుకు పోవును. ఇంతలో ఎవడో పిల్లవాడు నీటిలో మునుగుచున్నాడని కేకలు వినబడును. తండ్రి పరుగెత్తును. ఒడ్డునకు తెచ్చినది వేరొకని. తలయెత్తి చూడగా ఎత్తైన మెట్లపైన బ్రూనో చిన్నగా, ఒంటరిగా కనబడును. “తండ్రికి కొడుకుపై ప్రేమ కలదు” అని ఎవరును పలుకలేదు. దెబ్బ, కేక, పరుగు, మెట్లు అను నాలుగింటిని వరుసగా మన ముందుంచిరి. కూడిక మనము వేసికొంటిమి. లెక్క తానే వేసినవానికి జవాబు చిరకాలము జ్ఞాపకముండును.

ఇంకొక విశేషము. రిచ్చిగా నటించిన లాంబెర్టో మాజ్జొరాని నటుడు కాడు, కర్మాగారమున పనివాడు. బ్రూనోగా నటించిన ఎంజో స్టాయోలా కూడ అంతకుముందు నటన యెరుగని బాలుడే. చిత్రములో అధికభాగమును రోము వీథులలోనే తీసిరి.

అట్లని మా తెలుగు చిత్రములు తక్కువవని మేము తలపలేదు. ఆ ఉత్సవమునకు మన దేశమునుండి హిందీ ‘ఆవారా’, మరాఠీ ‘అమర్ భూపాళీ’, బెంగాలీ ‘బాబ్లా’లతో పాటు తెలుగు ‘పాతాళభైరవి’యు పోయెను. కె. వి. రెడ్డిగారు దర్శకత్వము వహింపగా, విజయా సంస్థవారు 1951లో దానిని విడుదల చేసిరి. తోటరాముడుగా నందమూరి తారకరామారావుగారును, మాంత్రికుడుగా ఎస్. వి. రంగారావుగారును నటించిరి. మేము దానిని డేరాలో పెక్కుసార్లు చూచి మాటలన్నియు కంఠస్థము చేసియుంటిమి. మద్రాసునుండి వచ్చిన పిమ్మట మరల చూచినపుడు, మార్కస్ బార్ట్లీగారి కెమెరా వెలుగునీడలచే మాంత్రికుని భయంకరునిగా చేసిన విధమును మొదటిసారి గమనించితిమి. చిత్రము మారలేదు, మేము మారితిమి. మాయలు చూపునదానికిని, ఉన్నదున్నట్లు చూపునదానికిని చూచు కన్ను ఒక్కటే. దానికి శిక్షణ కావలెను.

ఉత్సవమున చూచిన చిత్రములు పెద్దలపైనను పనిచేసెను. అచ్చట ‘బైసికిల్ థీవ్స్’ చూచిన ప్రేరణతో బిమల్ రాయ్ ‘దో బీఘా జమీన్’ తీసెను. అది 1953లో వెలువడెను. తన రెండు బీఘాల నేలను దక్కించుకొనుటకై కుమారునితో కలకత్తా చేరి రిక్షా లాగిన రైతు కథ యది. పరదేశపు కథను కాపీ చేయలేదు. పరదేశపు చూపుతో మన నేలను చూచెను. తిరునాళ్లనుండి ఇంటికి తెచ్చుకొనదగిన సరకు ఇట్టిది.

ఇప్పుడు అంతర్జాతీయ ఉత్సవము 2004 నుండి గోవాయందు జరుగుచున్నది. బాలలకొరకు 1955లో స్థాపింపబడిన చిల్డ్రన్స్ ఫిల్మ్ సొసైటీ, ‘బంగారు ఏనుగు’ పేర బాలల చలనచిత్రోత్సవములను జరిపెను. అందు పెక్కింటికి మన తెలుగువారి హైదరాబాదు నగరమే వేదికయయ్యెను. 2017 నవంబరులో 20వ ఉత్సవము అచటనే జరిగెను. 2022లో ఆ సొసైటీ జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో విలీనమయ్యెను.

నేటి బాలురకు చిత్రములు దొరకుట కష్టము కాదు. ప్రతి చేతిలోను తెర యున్నది. మేము ఈ వ్యాసము వ్రాయుచు ఒక విషయమున తగవులాడుకొంటిమి. చివరి ఘట్టమున ఎవరి చేతిని ఎవరు పట్టుకొనిరి? తండ్రి కొడుకు చేతిని పట్టుకొనెనని మాలో ఇద్దరము. కాదు, కొడుకే తండ్రి చేతిని పట్టుకొనెనని ఒకడు. మనుమడు చేతిఫోనులో ఆ చిత్రమును తెచ్చి చూపెను. కొడుకే పట్టుకొనెను. డెబ్బది యేండ్లు మేమిద్దరము మా ఊహనే చూపుగా మోయుచుంటిమి! ఉపాధ్యాయులుగారు వినియుండినచో, “సాక్షులను మరల పిలువుడు” అని యుందురు.

కావున విద్యార్థులారా, మా అనుభవమునుండి మూడు మాటలు. మీకు తెలియని భాషలోని మంచి చిత్రమును ఏడాదికొక్కటియైన చూడుడు. తెలియని భాష కన్నులను మేల్కొల్పును. ఒంటరిగా గాక నలుగురు కలిసి చూడుడు. ముగిసిన వెంటనే లేచిపోక కూర్చుండి, చూచినది, ఊహించినది, అనిపించినది వేరువేరుగా చెప్పుకొనుడు. మీరు నవ్వునపుడు ప్రక్కవాడు నవ్వనిచో, వానిని వెక్కిరింపక, వాడేమి చూచెనో అడుగుడు.

తలిదండ్రులకు ఒక్క మనవి. ఆ యెనమండుగురిలో ఆ యేడు పరీక్ష తప్పినవాడు ఒక్కడే. అదియు లెక్కలలో, సినిమావలన గాదు. వాడు ఈ వ్యాసము వ్రాసిన ముగ్గురిలో నొకడు.

ఎనిమిదవవాడు నాలుగు పుటలకు బదులు ఒక్క పుట వ్రాసెను. ప్రధానోపాధ్యాయులు దానిని రెండుసార్లు చదివించిరి. వాడు ఉపాధ్యాయుడై, పెక్కుమంది బీదపిల్లల పరీక్ష ఫీజులు తానే కట్టి, కొన్ని యేండ్లక్రితము కన్నుమూసెను. ఆ ఇత్తడి గంగాళము ఇల్లు చేరినదో లేదో మేమెన్నడును అడుగలేదు. అడిగియుండవలసినదని ఇప్పుడు తోచుచున్నది.